అడ్డం పెట్టిన చెయ్యి

శాండీఫోర్డ్, డబ్లిన్
అక్టోబరు 2020

లీలా,

ఎలా ఉన్నావని అడగను. కోవిడ్ వార్డులో డ్యూటీ చేసే నర్సుని ఆ మాట అడిగితే "బానే ఉన్నా వదినా" అనక ఏం చేస్తుంది పాపం! శ్యాం ఫ్యాక్టరీకి వెళ్తూనే ఉన్నాడా? జెస్సికా రోజంతా మాస్కు పెట్టుకునే క్లాసులో కూర్చుంటోందా?

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని నవ్వకు. ఈ రెండు గదుల అపార్ట్‌మెంట్‌లో నేను ఫోను ఎత్తితే చాలు, "లీలేనా? స్పీకర్ పెట్టు" అంటారు మీ అన్నయ్య. డయాలసిస్‌కి తప్ప గడప దాటొద్దని డాక్టర్లు గట్టిగా చెప్పారాయె, ఇరవై నాలుగ్గంటలూ ఇల్లే. ఇంక నా గోడు ఎక్కడ వెళ్ళబోసుకోను? అందుకే డబ్బాలో పెట్టి పంపుతున్నా. ఐదు కిలోమీటర్లు దాటి మనుషులు పోకూడదన్నారు గానీ పార్సిళ్ళని ఆపలేదు కదా.

ఆయన సంగతి నీకు దాచేదేముంది. డయాలసిస్ నుంచి వచ్చిన రోజు పిండేసిన గుడ్డలా పడుకుంటారు. కిడ్నీ కోసం లిస్టులో పేరుంది, పిలుపే లేదు. ఈ కరోనాతో అన్నీ మందగించాయంటున్నారు. ఇక తిండి చూడబోతే నాకు ఏడుపొస్తుంది. టమాటా వద్దు, చింతపండు వద్దు, గోంగూర వద్దు, కొబ్బరి వద్దు. బంగాళదుంప ఉడకబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ ఉడకబెట్టాలి. మంచినీళ్ళు కూడా కొలిచి ఇవ్వాలి. ఇన్నేళ్ళు నా చేతి వంట లొట్టలేస్తూ తిన్న మనిషి నా ఎదురుగా కూర్చుని చప్పిడి కూడు తింటుంటే గరిటె విసిరికొట్టాలనిపిస్తుంది.

మొన్న ఇండియన్ షాపులో తాజా గోంగూర కనబడింది. చెయ్యి ఊరుకుంటుందా? పచ్చడి నూరి నీకు పంపుతున్నా. సున్నుండలు కూడా ఉన్నాయి, నెయ్యికి వెనకాడలేదు. సీసా మూత మీ అన్నయ్యే బిగించారు. బిగించే ముందు ఒకసారి వాసన చూశారు, అంతే. నువ్వు తింటే ఆయన తిన్నట్టే అనుకుంటా. బాగా తిను, ఆ డ్యూటీలకి ఒంట్లో సత్తువుండాలి.

నీ వదిన,
ఎస్తేరమ్మ


కార్క్
నవంబరు 2020

వదినా,

డబ్బా అందింది. గోంగూర మూడు పూటలకి రాలేదు. సున్నుండలు శ్యాంకి చూపించకుండా దాచుకుని మరీ తిన్నాను. ఇంత రుచిగా చేసినందుకు దేవుడు నిన్ను చల్లగా చూడాలి. ఇంక మొహమాటం లేకుండా చెప్తున్నా విను. ఇకమీదట నాకేమీ పంపకు.

కోపం తెచ్చుకోకు, పూర్తిగా చదువు. మీ ఇంట్లో భోజనానికి కూర్చున్నవాడు ఎవడైనా "చాలు" అని కంచానికి చెయ్యి అడ్డం పెడితే నువ్వెప్పుడైనా ఆగావా? వేళ్ళ సందుల్లోంచి వేసేస్తావు. అన్నం మీదే కాదు, చేతి మీద కూడా పప్పు పోసిన ఘనురాలివి. శ్యాం కొత్తల్లుడిగా వచ్చినప్పుడు చెయ్యి కాలి ఊదుకున్నాడు, గుర్తుందా? ఈ ఉత్తరం నా చెయ్యి అనుకో. ఈసారి వేళ్ళ మధ్య సందు లేదు.

కారణం చెప్తాను. అన్నయ్యకి నా కిడ్నీ ఇస్తాను. ఎండాకాలంలోనే కిడ్నీ మార్పిడి విభాగానికి నేనే ఫోన్ చేశాను. బ్లడ్ గ్రూపు కలిసింది, బీపీ బాగుంది, షుగర్ లేదు. ఒక్కటే అడ్డు, నా బరువు. "ఇప్పుడు కోస్తే నీకూ ప్రమాదం, తరవాత నీలో మిగిలే ఒక్క కిడ్నీకీ ప్రమాదం. తగ్గి రా, చూస్తాను" అంది సర్జన్ మొహం మీదే. ఆవిడ నాకు నచ్చింది. మనవాళ్ళెవరూ నాతో అంత సూటిగా మాట్లాడరు, "కొంచెం ఒళ్ళు చేశావమ్మా" అని ఇంకో గారె వేస్తారు.

అన్నయ్యకి ఇప్పుడే చెప్పకు. కిందటేడు నేను ఆ మాట ఎత్తితే ఏమన్నాడో నీకు తెలుసు. "ఇంకోసారి అంటే నాతో మాట్లాడకు" అన్నాడు. అందుకే ముందు తగ్గుతాను, తరవాత చెప్తాను. తగ్గుతానా అని అనుమానం పెట్టుకోకు. నిలువెత్తు పేషెంట్లని రాత్రిళ్ళు బోర్లా తిప్పి ఊపిరాడేలా చేస్తున్న చేతులివి, ఒక సున్నుండని పక్కకి నెట్టలేవా?

నా ఒళ్ళు ఎక్కడ పెరిగిందో కూడా కనిపెట్టాను. హాస్పిటల్లో మమ్మల్ని హీరోలని ఊరంతా పొగిడి పిజ్జాలు, డోనట్లు పంపుతున్నారు. స్టాఫ్ రూమ్ పెళ్ళివారి విడిదిల్లులా ఉంది. ఇంటికొస్తే జెస్సికా వదిలేసిన కంచం. అన్నం పారేస్తే పాపమని అమ్మ నేర్పింది కదా. చెత్తబుట్టలో పడకూడదని నా పొట్టనే చెత్తబుట్ట చేసుకున్నాను. ఇవాళ్టినుంచి ఆ పిల్లకి తక్కువ పెడతాను, కావాలంటే మళ్ళీ అడుగుతుంది. ఎంత తేలికైన సంగతి వదినా, ఇన్నేళ్ళు తట్టలేదు.

ఖాళీ డబ్బా తిప్పి పంపడం మన ఇంటావంటా లేదు కాబట్టి మా పెరటి ఆపిల్స్ పెట్టాను. అన్నయ్యకి ఎన్ని పెట్టొచ్చో డైటీషియన్‌ని అడిగి పెట్టు.

లీల


శాండీఫోర్డ్
డిసెంబరు 2020

లీలా,

నీ ఉత్తరం బాత్రూంలో కూర్చుని, కుళాయి తిప్పి, ఏడుస్తూ చదివాను. బయటికొస్తే "కళ్ళేంటలా ఉన్నాయి?" అన్నారు మీ అన్నయ్య. ఉల్లిపాయలన్నాను. "ఉల్లిపాయలు బాత్రూంలో తరుగుతున్నావా?" అన్నారు. ఆయన కిడ్నీలు పాడయ్యాయి గానీ బుర్ర భేషుగ్గా ఉంది.

నేనిస్తానంటే షుగరుందని మొదటే నన్ను పక్కన పెట్టేశారు. నువ్వున్నావని తెలుసు. కానీ నోరు తెరిచి ఆడపడుచుని అడిగేదెలా? అడగలేక వండాను. పండగ లేదు, పబ్బం లేదు, నెలకో డబ్బా. అంటే ఇన్నాళ్ళూ నా చేతులతో నేనే ఆయనకి అందాల్సిన కిడ్నీని డబ్బా డబ్బాకీ దూరం జరుపుతున్నానన్నమాట! ఎంత పని చేశానే తల్లీ.

మరి నీకేమైనా అయితే? శ్యాంకి ఏం చెప్పను, ఆ పిల్ల మొహం ఎలా చూడను? నువ్వు ధైర్యంగా రాశావు గానీ నాకంత ధైర్యం లేదు. ఒప్పుకున్నాడా శ్యాం? అది రాయి ముందు.

ఈసారి క్రిస్మస్‌కి అరిసెలు వండలేదు. నా ఎరుకలో మొదటిసారి. సంఘం ఆరాధన జూమ్‌లో, లవ్ ఫీస్ట్ భోజనాలు ఎవరింట్లో వాళ్ళకి. పాకం పట్టకుండా చేతులు కట్టుకుని కూర్చోవడం ఎంత కష్టమో నీకేం తెలుసు. ఈ డబ్బాలో కరివేపాకు పొడి ఉంది. తిట్టకు, చుక్క నూనె వెయ్యలేదు.

ఎస్తేరమ్మ


కార్క్
జనవరి 2021

వదినా,

శ్యాం ఒప్పుకున్నాడు. చెప్పిన మూడో రోజు తనే వాకింగ్‌కి బూట్లు కట్టుకుని గుమ్మంలో నించున్నాడు. అదే ఒప్పుకోవడమనుకున్నాను. జెస్సికాకి మొత్తం చెప్పాం.

ఇక చెడ్డ కబురు. తగ్గినదాంట్లో సగం మళ్ళీ ఎక్కింది. పండగ తరవాత వార్డు ఎలా ఉందో పేపర్లలో చూసే ఉంటావు. మేరీ అని ఒక ముసలావిడ నా చెయ్యి పట్టుకుని పోయింది. కొడుకు టాబ్లెట్‌లో చూస్తూ ఏడుస్తున్నాడు, వార్డులోకి రానివ్వలేదుగా. తరవాత ఆ కుటుంబమే మాకో పెద్ద చాక్లెట్ డబ్బా పంపింది. దాన్ని కారులో పెట్టుకుని పార్కింగ్‌లోనే మొత్తం తినేశాను. రుచి కూడా తెలియలేదు. తిన్నాక నామీద నాకే అసహ్యం వేసింది. అన్నయ్య నీళ్ళు కొలుచుకుని తాగుతుంటే నేను చేస్తున్న పని ఇదా అనిపించింది.

ఆ మర్నాడు వంటింట్లో అల్మరా తెరిచి నించునే బిస్కెట్లు నములుతున్నాను. జెస్సికా వచ్చి, "మమ్, ఆర్ యూ హంగ్రీ ఆర్ ఆర్ యూ సాడ్?" అంది. ఆకలేస్తోందా, బెంగగా ఉందా అని. వెక్కిరింపు కాదు వదినా, నిజంగా తెలుసుకోవాలని అడిగింది. నోటి నిండా బిస్కెట్టుతో అక్కడే కూలబడి ఏడ్చాను. అది నా పక్కన నేలమీద కూర్చుని "యూ'ర్ గ్రాండ్, మమ్" అంటూ, ఏం కాదులే అన్నట్టు వీపు నిమిరింది. ఇక్కడి పిల్లలకి అన్నిటికీ గ్రాండే.

అప్పటినుంచి అల్మరా మీద చెయ్యి వేసినప్పుడల్లా ఆ ప్రశ్న నన్ను నేనే అడుగుతున్నా. ఆకలైతే కూర్చుని, కంచంలో పెట్టుకుని తింటున్నా. బెంగైతే బూట్లు కట్టుకుని లీ నది పక్కకి పోతున్నా. నువ్వేమో వండి బెంగ తీర్చుకున్నావు, నేను తిని తీర్చుకున్నాను. ఒకే జబ్బు, రెండు చేతులు. జారితే జారాను. మళ్ళీ దిగుతున్నా, ఈసారి జారను.

డబ్బాలో నా జాకెట్లు పెట్టాను. వదులైనవి రెండు, అయితీరాల్సినవి మూడు. కుట్టు సంగతి నువ్వే చూడు.

లీల


శాండీఫోర్డ్
మార్చి 2021

లీలా,

నీ జాకెట్లు తిరగేసి చూస్తే నవ్వొచ్చింది. లోపల వరసగా ఎన్ని కుట్లు విప్పిన గుర్తులో! అన్నీ విప్పింది నేనే. క్రిస్మస్‌కి వచ్చినప్పుడల్లా "వదినా, ఊపిరాడటం లేదు, ఇంకో కుట్టు వదులు" అనేదానివి. ఈసారి మొదటిసారిగా లోపలికి వేశాను. మిషను మీద కూర్చుని నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను, అరిసె పొంగినంత సంతోషం. మిగతా మూడింటికి సుద్దతో గీత గీసి ఉంచాను. నువ్వు ఊ అంటే కుట్టేస్తా.

నేనూ మారాను, తెలుసా? ఇదివరకు ఆయనకి చప్పిడిది పెట్టి, నేను వంటింట్లో నిలబడి కారం కలుపుకుని దొంగలా తినేదాన్ని. ఇప్పుడు ఆయన కంచంలో ఉన్నదే నా కంచంలోనూ. మొదటి వారం నోరు చచ్చిపోయింది. తరవాత చిక్కుడుకాయకి చిక్కుడుకాయ రుచి ఉందని తెలిసింది. నా షుగరు చూసి జీపీ డాక్టరమ్మ "వెల్ డన్" అంది.

మీ అన్నయ్యకి మాత్రం అనుమానం పట్టుకుంది. "లీలకి పార్సిల్ పంపి ఎన్నాళ్ళయింది? మీ ఇద్దరికీ పడటం లేదా?" అన్నారు మొన్న. అబ్బే, అదేం లేదంటే వినరే! "దానికి గోంగూరంటే ప్రాణం. నేను తినకపోతే ఇంట్లో వండడమే మానేస్తావా? మూత నేను బిగిస్తాలే, పంపు" అన్నారు. షాపులో గోంగూర రావడం లేదని అబద్ధమాడాను. ఎన్నాళ్ళు ఆడమంటావు?

ఎస్తేరమ్మ


కార్క్
మే 2021

వదినా,

సుద్ద గీతల మీద కుట్టెయ్యి. మూడూ.

సర్జన్ నన్ను చూసి కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుంది. స్కాన్లు, రక్తాలు, గుండె పరీక్ష అన్నీ అయ్యాయి. కిడ్నీ ఇవ్వడానికి నేను పనికొస్తానని రాసిచ్చింది. నా జీవితంలో ఇంతకన్నా గొప్ప సర్టిఫికెట్ రాలేదు. కారులో కూర్చుని పెద్దగా నవ్వాను. చాక్లెట్లు తిన్న అదే పార్కింగ్.

ఏం చేశావని వార్డులో అందరూ అడుగుతున్నారు. మంత్రమేమీ లేదని చెప్తే నిరుత్సాహపడుతున్నారు. అన్నం మానలేదు, ఒక గరిటె చాలనుకున్నా. డ్యూటీకి ముందు ఇంట్లో తిని వెళ్తున్నా. ఎవరి కంచమూ నేను ఖాళీ చెయ్యడం లేదు. చాలు అనిపించినప్పుడు చాలు అంటున్నా, అంతే. ఆ మాట నోట్లోంచి రావడానికి నలభై ఏళ్ళు దాటాయి.

ఇక దాచడం కుదరదు. అన్నయ్య రక్తం, నా రక్తం కలిపి చూడాలిట. వచ్చే వారం అతనికి ఫోన్ చేస్తారు. వాళ్ళకన్నా ముందు నువ్వు చెప్పెయ్యి. కడుపు నిండి ఉన్నప్పుడు చెప్పు.

లీల


శాండీఫోర్డ్
మే 2021

లీలా,

నేను చెప్పేలోపే ఫోన్ వచ్చింది. స్పీకర్‌లోనే విన్నారు.

ఎప్పుడూ గొంతెత్తని మనిషి, ఇల్లు ఎగిరిపోయేలా అరిచారు. "నాన్న పోయినప్పుడు దాన్ని నా చేతిలో పెట్టి పోయాడు. చెల్లెలికి పెట్టాల్సినవాణ్ణి నేను. దాని ఒళ్ళు కోయించుకుని నేను బతకాలా? నాకొద్దు. వద్దని వాళ్ళకి చెప్పు" అన్నారు. ఇన్నాళ్ళూ తెలిసి దాచానని నా మీదా కోపమే. కిటికీ దగ్గర కూర్చుని లువాస్ ట్రాములు చూస్తున్నారు. అన్నం పెడితే రెండు ముద్దలు, ఇంక చెయ్యి అడ్డం.

డయాలసిస్‌లో ఆయన పక్క కుర్చీ తోమాగారు కిందటి నెల పోయారు. మన ప్రార్థన గుంపులో ఉండేవారే. ఆ కుర్చీలో ఇప్పుడు ఇంకెవరో కూర్చుంటున్నారు. అది చూసి కూడా వద్దంటున్నారు లీలా. నాకు భయమేస్తోంది. నిన్ను బతిమాలే హక్కు నాకు లేదు, ఆయన్ని ఒప్పించే తెలివీ లేదు. హాస్పిటల్ వాళ్ళు వచ్చే నెలాఖరులోపు మాట చెప్పమన్నారు.

ఎస్తేరమ్మ


కార్క్
జూన్ 2021

అన్నయ్యా,

ఇది వదినకి కాదు, నీకే. స్పీకర్ అక్కర్లేదు, నువ్వే చదువు.

వదిన మీద కోపం మానెయ్యి. చెప్పొద్దంది నేను. నీకంత కోపముంటే నా మీద చూపించు, ఐదు కిలోమీటర్ల రూలు తీసేశారుగా, రా, వచ్చి అరిచిపో.

నాన్న పోయాక చీరాలలో మన అద్దె గది నీకు గుర్తుందా? అమ్మ వంటపాత్ర మన మధ్య పెట్టి వడ్డించేది. నువ్వు రెండు ముద్దలు తిని చెయ్యి అడ్డం పెట్టి "చాలమ్మా, కడుపు నిండింది" అనేవాడివి. మిగిలింది నా కంచంలో పడేది. నేను హాయిగా తినేదాన్ని, అన్నయ్యకి ఆకలి తక్కువనుకునేదాన్ని. నేను నర్సింగ్‌కి వెళ్ళే ముందు అమ్మ చెప్పింది. "వాడికి ఏనాడూ కడుపు నిండలేదే. నీకు సరిపోదని చెయ్యి అడ్డం పెట్టేవాడు" అంది. అన్నీ తెలిసి అమ్మ ఎందుకు ఊరుకుందని అడిగాను. "చిన్నపిల్లవి నువ్వు ఎదగాలిగా" అంది.

ఎదిగాను అన్నయ్యా. నువ్వు తినని అన్నంతో ఎదిగాను. నా ఒంట్లో ఉన్నదేదీ నా ఒక్కదానిదే కాదు. నువ్వు పెట్టినదే నీ కంచంలోకి తిరిగొస్తోంది, ఇందులో నువ్వు తీసుకునేదేముంది?

ఈ ఏడాదంతా నేను నిజమైన చాలు అనడం నేర్చుకున్నాను. అందుకే అబద్ధపు చాలు వింటే ఇట్టే తెలిసిపోతోంది. నీది మళ్ళీ అదే చాలు. చిన్నప్పుడు నమ్మాను, ఇప్పుడు నమ్మను. అయినా మన ఇంట్లో చెయ్యి అడ్డం పెడితే వడ్డించేవాళ్ళు ఎప్పుడైనా ఆగారా? నీ పెళ్ళాన్నే అడుగు. నేను గరిటె పట్టుకుని నించున్నాను. చెయ్యి తీస్తావా, వేళ్ళ సందుల్లోంచి వెయ్యనా?

నీ చెల్లెలు,
లీల


శాండీఫోర్డ్
జూన్ 2021

లీలా,

నీ ఉత్తరం చదివాను. మీ వదిన కూడా తీసుకుని చదువుకుంది.

అమ్మ ఆ సంగతి నీకు చెప్పి ఉండకూడదు. చెప్పొద్దని నేను ఒట్టు వేయించుకున్నాను. ఆడవాళ్ళెవరూ నా మాట ఒక్కటీ నిలబెట్టరు.

నాకు భయంగా ఉంది. నా కోసం కాదు, నువ్వు ఆ బల్ల మీద పడుకోవడం తలుచుకుంటే. నా చిటికెన వేలు పట్టుకుని బడికి వచ్చినదానివి. కానీ నిజం చెప్పాలంటే ఆకలి కూడా ఉంది లీలా. బతకాలని ఉంది. ఎవరితోనూ అనలేదు, నీతో అంటున్నాను.

రేపు పొద్దున్న రక్తం ఇవ్వడానికి వెళ్తున్నాను. చెయ్యి తీశాను.

అన్నయ్య


శాండీఫోర్డ్
నవంబరు 2021

లీలా,

ఆపరేషను కుట్లు పూర్తిగా మానాయని జెస్సికా మెసేజ్ పెట్టింది, దేవుడికి స్తోత్రం. బరువులెత్తకు. డ్యూటీలో చేరడానికి తొందరపడకు. ఇక్కడ మీ అన్నయ్య గడ్డం గీసుకుని, కోటు తొడుక్కుని, ట్రామెక్కి రేవు దగ్గరి డాక్‌ల్యాండ్స్ దాకా వెళ్ళొచ్చారు. ఎందుకని అడిగితే "ఊరికే" అన్నారు. నీ కిడ్నీ బంగారంలా పనిచేస్తోందని డాక్టర్లు అంటున్నారు. పొద్దున్న గ్లాసు నిండా నీళ్ళు తాగుతుంటే నేనింకా వంటింట్లోంచి తొంగిచూస్తూనే ఉన్నాను.

రక్త పరీక్షలు బాగున్నాయని డైటీషియన్ అన్నీ కొద్దికొద్దిగా తినమంది. నిన్న టమాటా పప్పు చేశాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. నేను పక్కన గరిటెతో నిలబడ్డాను. రెండోసారి వేశాను. మూడోసారి వెయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టి "చాలు" అన్నారు. అలవాటుగా గరిటె వంచాను, ఆగాను. నువ్వు రాసింది గుర్తొచ్చి ఆయన మొహంలోకి చూశాను, ఇది ఏ చాలు అని. నిజం చాలే లీలా. నవ్వుతున్నారు. గరిటె వెనక్కి తీసుకున్నాను. పెళ్ళయ్యాక మొదటిసారి.

ఈ డబ్బాలో గోంగూర పచ్చడి ఉంది, చిన్న సీసాయే, నీ లెక్క నాకు తెలుసు. సీసా కొంచెం వెలితిగా ఉందేమిటని నన్నడక్కు. మూత ఎప్పటిలాగే మీ అన్నయ్య బిగించారు. ఈసారి వాసనతో ఊరుకోలేదు.

నీ వదిన,
ఎస్తేరమ్మ